అన్న ఆపొద్దన్న మిషన్

ఆ పొద్దున షెడ్డులో ఉన్నవాళ్లు: వదిన, ఆపరేటర్, లైన్‌మన్, పక్క పిండిగిర్నీ ఆయన, నేను. ఉన్న వస్తువులు: పాత సీఎన్‌సీ లేత్, దాని పక్కన ప్లాస్టిక్ కవరు సగమే విప్పిన కొత్త సీఎన్‌సీ లేత్, ఒక కంప్రెసర్, ఒక చెక్క బెంచీ, నీళ్ల క్యాను, ఇంకా భుజం మీంచి దించని నా సంచీ. లేనిది కరెంటు.

కొద్ది నిమిషాల ముందు దాకా ఉండింది. నేను నారాయణఖేడ్ డిపో ముందు బస్సు దిగి, కంగ్టి రోడ్డు మీద నడుచుకుంటూ వచ్చి, షెడ్డు గడప దాటుతుండగా ఆపరేటర్ కొత్త మిషన్‌ను మొదటిసారి పూర్తి వేగంలో తిప్పాడు. బయట స్తంభం మీద టపాకాయ పేలినట్టు శబ్దం వచ్చింది. ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు పోయింది. మా షెడ్డు, గిర్నీ, ఆ పక్క వెల్డింగ్ దుకాణం అన్నీ ఒక్కసారే ఆగాయి.

గిర్నీ ఆయన చేతులకు, కనురెప్పలకు జొన్నపిండి అంటుకుని ఉండగానే వచ్చేశాడు.

"మంచిగున్నది మీ కొత్త మిషన్ ముచ్చట! నా గిర్నీల సగం జొన్నలు పిండైనయ్, సగం జొన్నలు జొన్నలే ఉన్నయ్. ఆడ ముసలామె గిన్నె పట్టుకొని కూసున్నది. నన్నేం చెప్పుమంటరు?"

"పిండి దిక్కు రొట్టె చేస్కొమ్మను, జొన్నల దిక్కు గుగ్గిల్లు చేస్కొమ్మను" అన్నాడు ఆపరేటర్.

"నీకు నవ్వులాటనే. నీకేం గిర్నీ ఉన్నదా?"

కొత్త మిషన్ పెడుతున్నారని తెలిసి ముందే వచ్చి నిలబడిన లైన్‌మన్ తల గోక్కున్నాడు. "అక్కా, ఫీజు మల్ల ఏస్త. గని మీరు మల్ల గిట్లనే చేస్తే మల్ల పోతది. గీ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఇగ జాగ లేదు. పెద్దదానికి రాసి పంపిన్రు. ఎప్పుడొస్తదో నాకైతే ఎరుక లేదు."

వదిన వాళ్ల మాటలు వింటున్నట్టు లేదు. పాత మిషన్ ముందున్న బెంచీ మీద కూర్చుని, ఒడిలో చేతులు పెట్టుకుని, నల్లబడిన తెరను చూస్తోంది. నేను వచ్చినట్టు కూడా చూడలేదు. నేను పలకరించబోతే ఆపరేటర్ నా మోచెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఇప్పుడు మాట్లాడకు ఇంజనీర్ సాబ్. కరెంటు పోతే అక్క గట్లనే. అది వచ్చేదాక పలుకదు."

లైన్‌మన్ వెళ్లి ఫ్యూజు వేసి వచ్చాడు. పాత మిషన్‌లో ముందు ఒక చిన్న ఫ్యాను లేచింది. తర్వాత తెర వెలిగింది. అక్షరాలు ఒక్కొక్క వరుసగా వచ్చాయి. తెర అడుగున ఎర్రటి చిన్న గళ్లో "బ్యాట్" అనే మాట ఆరుతూ వెలుగుతూ ఉంది. వదిన ముందుకు వంగి ఏదో పేజీ తెరిచి, అంకెలు పైనుంచి కింది దాకా చూసింది. తర్వాత ఒకదాని తర్వాత ఒకటిగా బటన్లు నొక్కింది. కడ్డీని బిగించి పట్టే ఆయిల్ పంపు, నీళ్ల పంపు, చల్లబరిచే యూనిట్, మోటార్లు. హోరు మొదలైంది. అప్పుడు లేచి నా వైపు తిరిగింది.

"ఎప్పుడొచ్చినవ్ తమ్మీ? చాయ్ తాగినవా?"

నేను పటాన్‌చెరులో ఫ్యాక్టరీలకు తిరిగి, ఏ మిషన్ ఎంత కరెంటు తింటోందో కొలిచే ఉద్యోగం చేస్తాను. మెకానికల్ డిప్లొమా, ఆ తర్వాత ఇంజనీరింగు. నాకు ఆ దారి చూపించినవాడు అన్న. అతనికి డిప్లొమా కూడా లేదు. హైదరాబాద్‌లో బాలానగర్ కార్ఖానాల్లో చాలా కాలం పనిచేసి, చేయి కుదిరాక, ఆ పాత లేత్‌ను వాడకంలోనిదే కొనుక్కుని ఊరికి తెచ్చాడు. సీఎన్‌సీ లేత్ అంటే ఇనుప కడ్డీని గిర్రున తిప్పుతూ, కంప్యూటర్ చెప్పిన లెక్కకు కోసే యంత్రం. ఏ పనిముట్టు ఎక్కడ నిలబడాలో, ఎంత లోతు కోయాలో అంతా దాని జ్ఞాపకంలో ఉంటుంది. పప్పు మిల్లులకు బుష్‌లు, బోరు మోటార్లకు షాఫ్టులు, ట్రాక్టరు పిన్నులు, ఏది అడిగితే అది చేసేవాడు. ప్రతి పనిముట్టునూ తన చేత్తో కడ్డీకి తాకించి, కొలిచి, ఆ అంకెను మిషన్‌లో పెట్టేవాడు. మిషన్ జ్ఞాపకం ఒక చిన్న బ్యాటరీ మీద నిలుస్తుంది. మిషన్‌కు కరెంటు ఉన్నంతసేపు బ్యాటరీతో పని లేదు. కరెంటు లేనప్పుడు మాత్రం ఆ బ్యాటరీయే అన్నిటినీ మోయాలి. అది పూర్తిగా అయిపోతే అన్న పెట్టిన అంకెలు, అన్న రాసిన ప్రోగ్రాములు ఏవీ మిగలవు.

ఏడాది దాటింది. తెర మీద "బ్యాట్" అని మొదటిసారి వెలిగిన మరుసటి రోజు అన్న కొత్త బ్యాటరీ కోసం హైదరాబాద్ వెళ్లాడు. తిరుగు బస్సులోంచి వదినకు ఫోన్ చేశాడు.

"దొరికింది. నేను వచ్చేదాక మిషన్ బంద్ చెయ్యకుండ్రి."

సంగారెడ్డి దగ్గర అతనికి ఛాతీలో నొప్పి లేచింది. కండక్టరు బస్సు ఆపించి దవాఖానకు తీసుకుపోయాడు. అన్న రాలేదు.

మిషన్‌ను ఎవరూ బంద్ చెయ్యలేదు. అన్నను సమాధి చేసిన రోజు కూడా అది నడుస్తూనే ఉంది. ఆదరణ కూడికకు వచ్చినవాళ్లు ఇంట్లో పాట పాడుతుంటే గోడ అవతల దాని హోరు వినిపించింది. పాస్టరుగారు ప్రార్థన మధ్యలో ఒకసారి ఆగి, ఎవరైనా లేచి ఆపుతారేమో అన్నట్టు చూశాడు. ఎవరూ లేవలేదు. ఆ సంగతి నాకు బాగా గుర్తుంది. ఆ మాట చెప్పిన మనిషి ఇక రాడని అందరికీ తెలుసు. కాని ఆ మాటను వెనక్కి తీసుకునే అధికారం ఎవరికి ఉందో ఎవరికీ తెలియలేదు.

వదిన షెడ్డును మూయలేదు. కూతురు సంగారెడ్డి హాస్టల్‌లో చదువుతోంది. అన్న దగ్గర చూసి నేర్చుకున్నంతలో కడ్డీ బిగించడం, తలుపు మూయడం, బటన్ నొక్కడం, కొలిచి చూడడం వదినకు వచ్చు. కంగ్టి వైపు ఒక ఊరి నుంచి వచ్చే ఆపరేటర్ మిగతాది చూసుకుంటాడు. ఆయన వయసు నలభై దాటింది. పుణేలో, బీదర్‌లో కార్ఖానాల్లో తిరిగి, ఇక చాలని వెనక్కి వచ్చినవాడు.

జహీరాబాద్‌లో పప్పు మిల్లు యంత్రాలు తయారుచేసే ఒకతను వదినను నమ్మి పెద్ద షాఫ్టుల పని ఇస్తానన్నాడు. పాత మిషన్‌లో అంత పొడుగు కడ్డీ పట్టదు. అందుకే రెండో మిషన్. కంది పంట మార్కెట్టుకు వచ్చేలోపు షాఫ్టులు చేతికి అందాలని, లేకపోతే ఇంకొకరికి ఇచ్చుకుంటానని చెప్పాడు. అప్పటికే చేలల్లో కంది పూత మీద ఉంది. ఆ పని దక్కితే షెడ్డు నిలుస్తుంది. దక్కకపోతే వదిన షెడ్డుకు తాళం వేసి, కూతురిని వెనక్కి తెచ్చుకోవాలి. నాకు ఫోన్ చేసి ఆమె చెప్పింది ఇంతే. "కరెంటు ముచ్చట నీకు తెలుస్తది గదా. ఒక్కసారి వచ్చి చూసిపో."

షెడ్డుకు మంజూరైన లోడు ఇరవై అయిదు హార్స్ పవర్. కిలోవాట్లలో పద్దెనిమిదిన్నర పై చిల్లర. కొత్త మిషన్ గట్టిగా పనిచేసినప్పుడు పద్నాలుగు దాకా లాగుతుంది. కంప్రెసర్, లైట్లు కలిపితే ఇంకో రెండున్నర. అంతవరకు సరిపోతుంది. సరిపోనిది పాత మిషన్. అది ఏ పనీ చేయకుండా నిలబడి ఉన్నప్పుడే ఎంత తింటోందో కొలవడానికి నేను క్లాంపు మీటరు తెచ్చాను. తీగ చుట్టూ ఉంగరంలా తగిలిస్తే, రాత్రీ పగలూ ఎంత కరెంటు పోతోందో అదే రాసుకుంటుంది.

ప్యానెల్ తలుపు తెరిచి మీటరు తగిలిస్తుంటే ఆపరేటర్ నా వెనక నిలబడి చూశాడు.

"జ్వరం ఎంతున్నది సాబ్?"

"రేపు చెప్త."

"దీనికి జ్వరం కాదు. నిద్ర లేదు. పాతది పండుకోదు, కొత్తది లేవదు. నడుమల మనం పరేషాన్."

"నీళ్ల పంపు కూడా ఎందుకు నడుస్తుంది? కోత లేదు గదా?"

"ఆగితే నీళ్లు వాసనొస్తయ్. మీ అన్న ఉన్నప్పుడు అన్నీ నడిచినయ్. అక్క అన్నీ నడిపిస్తది. ఏది ముట్టుకుంటే ఏది పోతదో అని నేను దేన్నీ ముట్టుకోను." నా చేతిలోని తీగ వైపు చూసి, "నువ్వు గూడ చూసి ముట్టుకో" అన్నాడు.

నాకు పక్క వేసిన గదికీ షెడ్డుకూ ఒకటే గోడ. ఆ హోరు చెవికంటే ముందు ఒంటికి తెలుస్తుంది. స్టూలు మీద పెట్టిన గ్లాసులో నీళ్ల మీద సన్నటి వలయాలు కదులుతూనే ఉన్నాయి. ఉండి ఉండి, తనంతట తనే, నూనె పంపు ఒకసారి టక్కుమంటుంది. మిషన్ పట్టాల మీదికి కాస్త నూనె వదిలే పంపు అది. దానికొక గడియారం ఉంటుంది, అంతకు మించి ఏమీ లేదు. నాకు తెలుసు. అయినా ప్రతిసారీ, మనిషి లేని గదిలో ఎవరో గొంతు సవరించుకున్నట్టే వినిపించింది. తర్వాత చల్లబరిచే యూనిట్ తిరగడం మొదలవుతుంది, తనే ఆగుతుంది. అది థర్మోస్టాట్ పని. అదీ తెలుసు.

మరుసటి పొద్దున అల్పాహారం దగ్గర మీటరు రాసిన గీతను ల్యాప్‌టాప్‌లో తెరిచాను. సాయంత్రం నుంచి గీత ఇంచుమించు తిన్నగా ఉంది. నాలుగు కిలోవాట్ల మీద కొంచెం. థర్మోస్టాట్ కదిలినప్పుడల్లా చిన్న పంటిగాట్లు. ఇంతవరకు నేను ఊహించినదే. కాని తెల్లవారుజామున, షెడ్డు తాళం ఇంకా తీయకముందు, గీత మెట్లు మెట్లుగా పైకి లేచింది. ఒక మెట్టు, కాస్త విరామం, ఇంకో మెట్టు, ఇంకొకటి. మధ్యలో ఒకచోట పడిపోయి, కొద్దిసేపు నిలబడి, మళ్లీ అన్నిటికంటే ఎత్తుకు లేచి దిగింది.

అది నాకు తెలిసిన ఆకారం. పని మొదలుపెట్టే ముందు ఇరుసును నెమ్మదిగా తిప్పుతూ, వేగం మెట్లు మెట్లుగా పెంచుతూ మిషన్‌ను వేడెక్కించే ప్రోగ్రాము గీసే గీత. కడ్డీని పట్టుకునే దవడల్లో ఏమీ లేకుండా, గాలిలో తిప్పుతారు. ఆ ప్రోగ్రాము అన్న రాసిందే.

ఆపరేటర్ రాగానే అడిగాను. "పొద్దుగాల వచ్చి మిషన్ తిప్పినవా?"

ఆయన ముఖంలో నవ్వు ఆగిపోయింది. "తాళం అక్క కాడ ఉంటది. నేను సూర్యుడు రాకముందు గీ షెడ్డుల కాలు పెట్టను సాబ్. ఒక్కపారి పెట్టిన. జల్దీ బస్సు దొరికితే జల్దీ వచ్చిన. లోపట అది తిరుగుతున్నది. తలుపు సందుల కెల్లి చూసిన, తెర మీద మీ అన్న మాట ఉన్నది. ఎనకకు పోయి డిపో కాడ చాయ్ తాగుకుంట ఎండొచ్చేదాక కూసున్న."

"ఏం మాట?"

"నువ్వే చూస్తవ్ తియ్యి."

వదినను అడగలేదు. ఆ మరునాడు చర్చి గంట కొట్టకముందే లేచి, వంటింటి వైపు నుంచి షెడ్డులోకి ఉన్న తలుపు దగ్గర నిలబడ్డాను. లైటు వేయలేదు. మిషన్ లోపలి దీపం మాత్రం తలుపు అద్దంలోంచి నేల మీద పసుపు పచ్చగా పడుతోంది. వదిన బెంచీ ముందు మోకరించి ఉంది. కొంగు తల మీద కప్పుకుని, నుదుటిని బెంచీ అంచుకు ఆనించింది. మిషన్ ఖాళీగా తిరుగుతోంది. వేగం పెరిగినప్పుడల్లా ఆమె గొంతు కూడా కొంచెం పెరుగుతోంది. మాటలు నాకు వినబడలేదు. వినబడకుండా ఉండడానికే ఆ హోరు అని అప్పుడు అనిపించింది.

ఇరుసు వేగం తగ్గి ఆగింది. తెర మీద, అన్న ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్న మన మాట వచ్చింది. "జర ఆగు. చక్ చూడు."

పూర్తి వేగంలోకి పోయే ముందు, చక్ దవడల్లో వాటి బోల్టులు బిగించే తాళంచెవి మరిచిపోయామేమో ఒకసారి తలుపు తీసి చూడాలని అతను అక్కడ ఒక ఆగుడు పెట్టాడు. ఎవరో వచ్చి ఆకుపచ్చ బటన్ నొక్కేదాకా మిషన్ కదలదు. జాగ్రత్త కోసం పెట్టినదే, అందులో వింత లేదు. కాని చీకటి షెడ్డులో ఆ మాట వెలుగుతుంటే అన్న ఎదురుగా నిలబడి అన్నట్టే ఉంది. అతను రోజుకు పదిసార్లు అనే మాట అది. అన్నం తింటున్నప్పుడు ఎవరైనా పిలిస్తే, జర ఆగు. నేను సైకిలు వేగంగా తొక్కితే, జర ఆగు.

వదిన లేచి, తలుపు తీసి, దవడల్లోకి తొంగి చూసింది. తలుపు మూసి బటన్ నొక్కింది. మళ్లీ మోకరించింది. అంతా అయ్యాక కొంగు సర్దుకుంటూ వెనక్కి తిరిగి, నన్ను చూసి ఉలిక్కిపడలేదు.

"మీ అన్న ఇట్లనే చేస్తుండె. మిషన్ తిరుగుతున్నంతసేపు ఇక్కడ్నే ప్రార్థన. అప్పుడు ఎవ్వలు పిలిచినా ఇనపడదని. నేను ఆడ వంటింట్ల ఉండి ఇనుకుంట, మిషన్ ఆగిందంటే ఆయన ప్రార్థన అయ్యిందని చాయ్ పెడ్తుంటి." చేత్తో బెంచీ అంచు తుడిచింది. "గీ సప్పుడు లేకుంటే నాకు ప్రార్థన వస్తలేదు తమ్మీ. ఇంట్ల కూసుంటే నోట్లె మాట రాదు."

నేను తలూపాను. మీటరు చూడడానికి ప్యానెల్ దగ్గరికి వెళ్లాను.

ఆ రోజు పని మధ్యాహ్నానికి ముగిసింది. షెడ్డులో ముగ్గురమే ఉన్నాం. పాత మిషన్ నిలబడి తినే కరెంటు ఎక్కడెక్కడికి పోతోందో చూడాలంటే ఒక్కొక్కదాన్నే ఆపి చూడాలని వదినకు చెప్పాను. తెరను ముట్టుకోనని, జ్ఞాపకానికి కరెంటు ఆగదని ముందే మాటిచ్చాను. ఆమె బెంచీ మీద కూర్చుంది. "చెయ్యి" అంది.

నీళ్ల పంపు ఆపాను. 0.9 తగ్గింది. చల్లబరిచే యూనిట్ ఆపాను. ఇంకో 1.0. లోపలి దీపం, ఇనుప తురుమును ఊదే ఫ్యాన్లు, 0.2. ఒక్కొక్కటి ఆగినప్పుడల్లా హోరు పలచబడింది. ఆమెకు ఇన్నాళ్లూ అది ఒకటే శబ్దం. అందులోంచి ఒక్కొక్క పోగు లాగుతుంటే ఆమె ప్రతిసారీ తల కొంచెం పక్కకు వంచి విన్నది, ఇది కాదు, ఇది కూడా కాదు అన్నట్టు.

తర్వాత పెద్ద ఎర్ర బటన్ మీద అరచెయ్యి పెట్టాను. అత్యవసరంగా ఆపే బటన్. దాన్ని నొక్కితే ఆయిల్ పంపు, మోటార్లు ఒకేసారి వదిలేస్తాయి. తెర మాత్రం బతికే ఉంటుంది.

"వదినా, దీనితోటి సప్పుడు మొత్తం పోతది."

ఆమె బెంచీ మీద ముందుకు జరిగింది. నొక్కాను.

ఆయిల్ పంపు దిగుతూ దిగుతూ పొడుగైన నిట్టూర్పు లాంటి శబ్దం చేసి ఆగింది. తర్వాత బయట రోడ్డు మీద ఆటో వినిపించింది. గిర్నీలో బెల్టు వినిపించింది. ఎక్కడో కోడి. షెడ్డు రేకుల మీద ఏదో పిట్ట నడుస్తున్న గోళ్ల చప్పుడు కూడా వినిపించింది. ఏడాదిగా ఆ రేకుల మీద పిట్టలు నడుస్తూనే ఉండి ఉంటాయి. ఆపరేటర్ గోడకు ఆనుకుని, టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. వదిన రెండు చేతులతో బెంచీ అంచును పట్టుకుంది.

తెర వెలుగుతూనే ఉంది. మీటరు 0.3 చూపిస్తోంది.

"ఎంత?" అంది వదిన.

"అంతా నడిస్తే నాలుగు పాయింట్ రెండు. ఇప్పుడు సున్నా పాయింట్ మూడు. అన్న రాసినయన్నీ గీ పాయింట్ మూడుల్నే ఉన్నయ్. మిగిలిందంతా ఉత్తగ నిలబడుడుకే పోతుంది." నాకు అలవాటైన మాటలు వచ్చేస్తున్నాయి. "బుష్ కోసేటప్పుడు చూసిన. ఇనుము కోసెటందుకు పట్టే కరెంటు ఒకటిన్నర దాటలేదు. కోతకు తయారుగ నిలబడెటందుకే దానికి మూడింతలు పోతుంది. ఫ్యాక్టరీలల్ల గూడ గిట్లనే ఉంటది."

"అంటే గిట్ల పెడితే కొత్తది నడుస్తదా?"

"నడుస్తది. కొత్తది కోసినంతసేపు పాతది గిట్లుండాలె. రెండూ ఒక్కసారి కోయరాదు. బ్యాటరీ గూడ మార్చే పని లేదు. తెర వెలుగుకుంటనే ఉంటది."

ఆమె తేలికపడుతుందని అనుకున్నాను. నేను లెక్క మొత్తం ఆమెకు ఏమీ పోకుండా కుదిర్చాననే అనుకున్నాను. ఆమె మాత్రం తెర అడుగున వెలిగి ఆరుతున్న ఆ ఎర్ర గడిని చూస్తూ ఉండిపోయింది.

"కరెంటు పోతే?" అంది.

"పోతే... బ్యాటరీ ఎంతసేపు మోస్తదో చెప్పలేం."

"అంటే మల్ల వచ్చి ఈడ కూసోవాలె." ఆపరేటర్ వైపు తిరిగింది. "కొత్త మిషన్ మీద షాఫ్టు సగం కోసినంక కరెంటు పోయిందనుకో. నేను ఆడ ఉండాల్నా, ఈడ ఉండాల్నా?"

ఆపరేటర్ టోపీ పెట్టుకున్నాడు. "ఆడ ఉండాలె అక్కా. పనిముట్టు ఇరిగి దవడల్ల పడ్తది. ఇద్దరం ఉంటెనే అయితది."

ఆమె లేచి ఇంట్లోకి వెళ్లింది. బీరువా తలుపు చప్పుడు వినిపించింది. తిరిగి వచ్చినప్పుడు ఆమె చేతిలో ప్లాస్టిక్ పొట్లం ఉంది. అన్న బస్సులోంచి ఫోన్ చేసి దొరికిందన్న బ్యాటరీ. దవాఖానవాళ్లు అతని సంచీతో పాటు ఇచ్చారు. ఇన్నాళ్లూ అది ఇంట్లోనే ఉందని నాకు తెలియదు. సర్వీసు మనిషి ఒకసారి వచ్చి మారుస్తానంటే ఆమె ప్యానెల్ తలుపు తెరవనివ్వలేదని మాత్రం ఆపరేటర్ చెప్పాడు.

"ఆయన వచ్చి ఏస్తనన్నడు" అంది వదిన. అంతే.

పొట్లం నా చేతికి ఇచ్చేసింది. మీటరుతో కొలిచాను. వాడకపోవడంతో నిండుగానే ఉంది. ఇలాంటి బ్యాటరీని మిషన్‌కు కరెంటు ఉండగానే మార్చాలి. తప్పులు జరిగేది అక్కడే. భద్రంగా ఉంటుందని మెయిన్ ఆపి మార్చినవాళ్లు మొత్తం పోగొట్టుకుంటారు. ఆపరేటర్ బయటికి వెళ్లి, ఫ్యూజు మళ్లీ పోకుండా, గిర్నీ ఆయనను కాసేపు ఏమీ నడపవద్దని బతిమాలాడు. "మల్ల నా గిర్నీ మీదనే పడ్తిరి!" అన్న అరుపు వినిపించింది, కాని బెల్టు చప్పుడు ఆగింది.

తెర వెనక చిన్న మూత తీశాను. వదిన ఫోన్ లైటు పట్టుకుంది. పాత బ్యాటరీ తీగ కొస పట్టి లాగితే గట్టిగా ఉంది. గోరుతో నొక్కి లాగాను. వచ్చింది. ఆ కొస గాలిలో ఉన్న కాసేపూ అన్న చేతి కొలతలన్నీ స్తంభం మీది ఆ ఒక్క ఫ్యూజు తీగ మీదనే వేలాడాయి. వదిన లైటును ఇంకొంచెం దగ్గరికి జరిపింది. కొత్తది నొక్కాను. క్లిక్కుమంది.

వదిన తెర ముందుకు వెళ్లింది. ఎర్ర గడి కనిపించలేదు.

"పోయింది" అంది. ఆ మాట ఏ గొంతుతో అందో నేను ఇప్పటికీ చెప్పలేను.

సాయంత్రం మిషన్‌ను అలాగే ఎర్ర బటన్ మీద వదిలి తలుపు వేశాం. మెయిన్ ఆపి చూద్దామా అని నేను అడగలేదు. గదిలో గ్లాసు నీళ్లు కదలలేదు. హోరు ఉన్నప్పటికంటే అది లేనప్పుడే ఆ గోడ అవతల ఎవరో ఉన్నట్టు అనిపించింది. నూనె పంపు టక్కుమంటుందని ఎదురుచూశాను. ఎదురుచూస్తూనే నిద్రపోయి ఉంటాను.

చర్చి గంటకు మెలకువ వచ్చింది. ఇంకే శబ్దమూ లేదు. షెడ్డు తలుపు తెరిచే ఉంది. వదిన బెంచీ ముందు మోకరించి ఉంది. తెర నల్లగా ఉంది. మెయిన్ హ్యాండిల్ కిందికి దించి ఉంది. అది ఆమే దించింది. ఏడాదికి పైగా ఎవరూ ముట్టని హ్యాండిల్. దాని మీది దుమ్ములో ఆమె వేళ్ల గుర్తులు నాలుగూ స్పష్టంగా కనిపించాయి.

ఆమె పెదవులు కదలడం లేదు. బయట ఎవరో కల్హేర్ వెళ్లే ఆటోను పిలుస్తున్నారు. ఆ తర్వాత, నేను వచ్చి నిలబడ్డానని తెలుసో తెలియదో, నుదురు ఎత్తకుండానే మాట్లాడింది.

"ఒక్క మాట వస్తలేదు. అన్నీ ఇనపడుతున్నయ్, నా ఊపిరి గూడ. గియన్నీ ఇనుకుంట ఎట్ల చేస్తరు?"

నేను కూడా ఆమె పక్కన కూర్చున్నాను. ప్రార్థన నాకు చిన్నప్పటి నుంచీ రాదు. కూర్చోవడమే చేశాను. కొంతసేపటికి ఆమె మొదలుపెట్టింది. పెద్దగా కాదు. కూతురి పేరు చెప్పింది, షాఫ్టుల సంగతి చెప్పింది, గిర్నీ ఆయన పని ఆగవద్దని చెప్పింది. అన్న గురించి ఏం చెప్పిందో ఈసారి మాట మాటా వినిపించింది. అది ఇక్కడ రాయను.

లేచి హ్యాండిల్ పైకి ఎత్తింది. ఫ్యాను, తెర, అక్షరాలు. అంకెల పేజీ తెరిచి పైనుంచి కింది దాకా వేలు పెట్టి చూసింది. నేను కూడా చూశాను. ఒక్కటీ చెదరలేదు. ఆమె హ్యాండిల్‌ను మళ్లీ దించేసింది. తర్వాత చాయ్ పెట్టడానికి వెళ్లింది.

ఆపరేటర్ మొదటి బస్సుకే వచ్చాడు. షెడ్డులో చప్పుడు లేకపోయేసరికి గడప దగ్గరే ఆగి, "నడుస్తలేదా?" అన్నాడు. వదిన వంటింట్లోంచి, "నడుస్తలేదు. లోపటికి రా, చాయ్ తాగు" అంది. ఆయన వచ్చి పాత మిషన్ పక్కనుంచి, నిద్రపోతున్న మనిషి పక్కనుంచి నడిచినట్టు నడిచాడు.

లైన్‌మన్ స్తంభం కింద నిలబడ్డాడు. గిర్నీ ఆయన తన గడపలో నిలబడి, "చెప్పి తిప్పున్రి అయ్యా, చెప్పి తిప్పున్రి" అని అరుస్తున్నాడు. వదిన కొత్త మిషన్ తలుపు మూసింది. మొదటి షాఫ్టు కడ్డీ దవడల్లో ఉంది. బటన్ ఆమే నొక్కింది. స్తంభం మీద ఏ శబ్దమూ రాలేదు. గిర్నీ బెల్టు నడుస్తూనే ఉంది. సాయంత్రం దాకా షాఫ్టులు వస్తూనే ఉన్నాయి.

పొద్దున షెడ్డుకు కరెంటు వచ్చే తీగకు మార్చి తగిలించిన మీటరును బస్సు ఎక్కే ముందు విప్పాను. మంజూరైన పద్దెనిమిదిన్నరకు ఆ రోజు షెడ్డు మొత్తం మీద నమోదైన గరిష్ఠ లోడు 16.6 కిలోవాట్లు.